మా నాయనమ్మకి చెవుడు వచ్చిన ఎండాకాలం

నా చిన్నప్పుడు మా సందులో ఎవరైనా మెల్లగా మాట్లాడితే వాళ్ల మీద మాకు అనుమానం వచ్చేది. పర్ణశాల వెళ్లే రోడ్డు మీద, గోదావరికి దగ్గరగా ఉండేది మా ఊరు. ఊరి చివర ఒక సామిల్లు, దాని వెనక గోడకి ఆనుకుని మా ఇళ్లు. పొద్దున్నే డీజిల్ ఇంజను మొదలయ్యేది, ఆ వెనకే రంపం. దుంగ రంపం మీదికి ఎక్కిందంటే మా వంటింట్లో గిన్నెలు కూడా గలగలమనేవి. అన్నం తింటావా అని అడగాలన్నా అరవాలి, పక్కింట్లో చింతపండు అడగాలన్నా అరవాలి. సాయంత్రం ఇంజను ఆగిపోయాక కూడా మా గొంతులు ఆగేవి కావు, అలవాటైపోయింది. మెల్లగా మాట్లాడేది రెండే రకాల మనుషులని మా నాయనమ్మ చెప్పేది. ఒకరు చాడీలు చెప్పేవాళ్లు, ఇంకొకరు కొత్తగా పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు.

అనుమానపడటంలో మా నాయనమ్మను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. పాలు పోసే ఆమె నవ్వుతూ వస్తే నీళ్లు కలిపిందని, నవ్వకుండా వస్తే ఇంకా ఎక్కువ కలిపిందని ఆమె తీర్మానం. ఆ గుణం మా అమ్మకి అంటలేదు, మా నాన్నకి అసలే లేదు, ఒక తరం దాటి తిన్నగా నాకు వచ్చింది. ఇప్పటికీ ఉంది. మా మనవడు నన్ను ‘సీఐడీ’ అని పిలుస్తాడు.

అయితే అప్పట్లో మా ఇంటి అనుమానాలన్నిటికీ అడుగున ఒక నిజమైన భయం ఉండేది. మా నాన్న ఆ సామిల్లులోనే రంపం దగ్గర పని చేసేవాడు. దుంగను వెనక నుంచి రంపం మీదికి తోసేది ఆయన. ముందు నిలబడ్డ మనిషి ‘ఆపు’ అని కేక వేస్తే వెనకాయనకి వినపడాలి. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో నిలబడి మా నాన్నకి చెవులు మందగించాయి. ఆయన ముందు మనిషి భుజాలు చూసి పని నెట్టుకొస్తున్నాడు. ఈ సంగతి మిల్లు మేస్త్రికి తెలిస్తే రంపం దగ్గర నుంచి తీసేస్తాడు, తీసేశాక ఇంకో పని ఇస్తాడన్న నమ్మకం మాకు లేదు. పైగా ఆ మేస్త్రే మా మందిరంలో, అంటే చర్చిలో, సంఘపెద్ద. ఆరు రోజులు మిల్లులో, ఏడో రోజు మందిరంలో ఆయన కళ్లెదుటే ఉండాలి.

అందుకని నాయనమ్మ మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరు వచ్చి ఏమడిగినా నాన్నకంటే ముందు మేం జవాబు చెప్పెయ్యాలి. నాన్న తన వంతుగా అందరికీ నవ్వుతూ ‘అవ్, అవ్’ అనేవాడు. ఆ మాట దేనికైనా సరిపోతుందని ఆయన నమ్మకం. సందంతా అరుపులే కాబట్టి మేం ఆయన చెవి దగ్గర అరిచినా ఎవరికీ వింతగా అనిపించేది కాదు. మాకు అదొక్కటే కలిసొచ్చింది.

ఇక నా పాట సంగతి. నాకు గొంతుందని ఊళ్లో పేరు. అప్పట్లో గొంతుండటమంటే పెద్ద గొంతుండటమే. ఈస్టరు రోజు తెల్లవారుతుండగా మా సంఘమంతా గోదావరి ఇసుక తిన్నె మీదికి వెళ్లి ఆరాధన చేసుకునేవాళ్లం. అక్కడ మైకు లేదు, మాటను ఆపడానికి గోడలు లేవు. మొదటి పాటను పిల్లల్లో ఒకరు ఒంటరిగా ఎత్తుకోవాలి, పల్లవి దగ్గర పెద్దలంతా అందుకోవాలి. ఆ పాట నాకే ఇచ్చేవారు. నేను మెడనరాలు పొంగేదాకా అరిచి పాడేదాన్ని. మగవాళ్ల వరసలో అందరికంటే వెనక నిలబడ్డ మా నాన్నకి అందాలని నా తాపత్రయం. ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన నా తల మీద చెయ్యి వేసి, “మంచిగ పాడినవ్ బిడ్డా,” అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

ఒక క్రిస్మస్‌కి మందిరంలో నేను పాడాల్సి ఉండగా నా గొంతు బొంగురుపోయింది. నా బదులు నా అంతే ఉన్న ఇంకో పిల్ల పాడింది. నేను మా అమ్మ పక్కన చాప మీద తలవంచుకుని కూర్చున్నాను. ఇంటికి వస్తుంటే నాన్న ఎప్పటిలాగే నా తల మీద చెయ్యి వేశాడు. “మంచిగ పాడినవ్ బిడ్డా, అందరికంటె నీదే మంచిగున్నది,” అన్నాడు. అంటే ఇన్నేళ్లూ నా పాట ఆయనకి వినపడనే లేదన్నమాట. నేను కూడా ఆయనలాగే ‘అవ్’ అని ఊరుకున్నాను.

ఆ రోజే పట్టు పట్టాను. వచ్చే ఈస్టరుకి నాన్నకి నా పాట వినపడి తీరాలి. ఆయన చెవులు నెలనెలకీ తగ్గుతున్నాయి, ఆ పై ఏడాదికి ఎలా ఉంటాయో తెలియదు. మరి వినపడాలంటే ఏం చెయ్యాలి? మా సందు పిల్లకి తోచేది ఒక్కటే, ఇంకా గట్టిగా అరవడం. మిల్లు గోడ పక్కన దుంగల గుట్ట మీద కూర్చుని రంపంతో పోటీ పడి పాడేదాన్ని. రంపానికి ఏమీ కాలేదు. నా గొంతుకే పొద్దున పూట చప్పుడు రావడం మానేసింది, మధ్యాహ్నానికి ఒకేసారి రెండు గొంతులు రావడం మొదలైంది.

అదే సమయంలో మా సంఘానికి కొత్త అయ్యగారు, అంటే పాస్టరుగారు, బదిలీ మీద వచ్చారు. ఆయన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ ఆయన భార్య, అమ్మగారి మీదే. కోస్తా వైపు మనిషి. ఎంత దూరంలో ఉన్నవాళ్లతోనైనా గొంతు పెంచకుండానే మాట్లాడేవారు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి వైపు పూర్తిగా తిరిగి, నోరు బాగా తెరిచి, ప్రతి మాటనూ చివరిదాకా పలికేవారు. వింతేమిటంటే ఆమె మాట అందరికీ అందేది. “గీ అమ్మగారు మన నోట్ల మాట మనకు తెల్వకుండనే గుంజుకుంటది, చూస్కోండి,” అని నాయనమ్మ మొదటి వారమే తేల్చేసింది.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి. పాటల సాధనకని పిల్లలందర్నీ మందిరానికి పిలిచారు. నా వంతు వచ్చి నేను అందుకోగానే అమ్మగారు నా మెడ వైపు చూడటం మొదలుపెట్టారు. మిగతా పిల్లల్ని పంపించేసి నన్ను ఉండమన్నారు. నా గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, ఒక మాట పలికించి అడిగారు. “ఇంట్లో ఎవరికమ్మా వినపడనిది?”

ఎవరు చెప్పారు? ఎవరికీ తెలియదే! ఆమె మేస్త్రి భార్యతో మాట్లాడటం నేను రెండు మూడు సార్లు చూశాను. మేస్త్రే ఆరా తీయమని పంపించి ఉంటాడు. ఈ లెక్కలన్నీ ఒక్క క్షణంలో వేసుకుని, “మా నాయనమ్మకు,” అనేశాను.

ఇంటికి పరుగెత్తుకొచ్చి జరిగింది చెప్పాను. మా నాయనమ్మకి పక్కింట్లో గుసగుసలు కూడా వినపడతాయి. గంజి పొంగబోతోందని వాకిట్లో కూర్చునే చెప్పగలదు. అలాంటి మనిషి నోరు వెళ్లబెట్టింది. “ఊళ్లె అందరు సచ్చిండ్రా? నన్నెందుకే చెవిటిదాన్ని జేసినవ్?” అని నెత్తి మీద మొట్టికాయ వేసింది. తర్వాత చాలాసేపు ఆలోచించుకుని, “సరే. ఈస్టరు దాంక నాకు వినపడది. ఎవ్వరన్న అడిగితే గట్లనే చెప్పుండ్రి,” అంది. మా అమ్మ పొయ్యి వైపు తిరిగి నవ్వింది. నాన్నకి మేమేం మాట్లాడుకుంటున్నామో తెలియక, “అవ్, అవ్,” అన్నాడు.

మర్నాడు అమ్మగారు నాకు ఒక ఉపవాసం పెట్టారు. శ్రమల దినాల్లో ఒకరు మాంసం మానేస్తారు, ఇంకొకరు టీ మానేస్తారు, నువ్వు అరుపు మానెయ్యమన్నారు. గుసగుస కూడా పనికిరాదట, దానివల్ల గొంతు ఇంకా అలిసిపోతుందట. తను చెప్పేదాకా పాట కూడా పాడొద్దన్నారు. అదిగో, నా అనుమానం అక్కడ గట్టిపడింది. పాట నేర్పాల్సిన మనిషి పాట వద్దంటోందంటే ఏదో ఉంది. ఈస్టరు పాట ఇంకెవరికో ఇచ్చేసి ఉంటుంది.

పాట బదులు ఆమె నేర్పిన పనులు చెబితే ఈ కాలం పిల్లలు నవ్వరు, ఫోన్లలో ఇలాంటివే చూస్తున్నారు కాబట్టి. అప్పుడు మా ఊరు ఊరంతా నవ్వింది. మందిరం వరండాలో నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చిన్న బియ్యం మూట పెట్టి, ఊపిరి తీసుకుంటే మూట లేవాలి, ఛాతీ కదలకూడదు అన్నారు. తర్వాత వెలిగించిన కొవ్వొత్తి ముందు కూర్చుని సన్నగా ఊదమన్నారు. మంట పక్కకి వంగాలి, ఆరకూడదు, ఊపిరి అయిపోయేదాకా ఒకేలా వంగి ఉండాలి. మొదట్లో నేను ఊదితే మంట ఆరిపోయేది, లేకపోతే కదిలేదే కాదు. ఆ తర్వాత పెదాలు వదులుగా పెట్టి ‘బ్ర్‌ర్‌ర్’ మని ఆడించడం. అది విని మా సందు మగపిల్లలు, “లారీ స్టార్ట్ అయ్యింది, జరుగుండ్రి జరుగుండ్రి,” అని దారి ఇచ్చేవాళ్లు. పాట నేర్చుకోవడానికి వెళ్లిన నేను లారీని అయ్యాను.

అన్నిటికంటే నాకు నచ్చింది నోరు మూసుకుని ‘మ్‌మ్’ అనడం. సరిగ్గా అంటే ముక్కు పక్కన ఎముకలు జివ్వుమంటాయి. ఆ జివ్వుమనడం ఎక్కడ తెలుస్తోందో అక్కడి నుంచే మాట రావాలి గానీ, గొంతును నొక్కి రాకూడదని అమ్మగారు చెప్పేవారు. గడ్డం పైకెత్తొద్దు, పళ్ల మధ్య రెండు వేళ్లు పట్టేంత నోరు తెరువు, చివరి అక్షరాన్ని మింగకు. ఆమె కోప్పడేవారు కాదు. నాకేమో ఎందుకు కోప్పడటం లేదా అని అనుమానం.

కొద్ది రోజులకి నిజంగానే పొద్దున్న పూట గొంతు పలకడం మొదలైంది. ఆ సంతోషాన్ని అనుభవించనివ్వకుండా అమ్మగారు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు.

ఇంజను ఆగాక, ఇంకా వెలుతురు ఉండగానే వచ్చేవారు. “పెద్దమ్మగారితో మీరంతా అరిచి మాట్లాడుతున్నంత కాలం ఈ పిల్ల గొంతు బాగుపడదు. అరవకుండా ఆమెకి వినిపించడం అందరం నేర్చుకుందాం,” అన్నారు. నాయనమ్మను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టారు. పడమటి వెలుగు మాట్లాడేవాళ్ల మొహం మీద పడేలా మమ్మల్ని ఎదురుగా నిలబెట్టారు. నాన్నను పిలిచి, “మీరు మీ అమ్మగారి పక్కన కూర్చోండి. మేం అన్నది ఆమెకి అర్థమైందో లేదో మీరు చూసి చెబుదురు,” అన్నారు. ఈ మాట మాత్రం ఆమె నాన్న ఎదుట వంగి, నెమ్మదిగా, గొంతు కాస్త మంద్రంలోకి దించి అన్నారు. నాన్న ‘అవ్’ అనలేదు. లేచి వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చున్నాడు.

నాయనమ్మ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇది పరీక్షే. నాన్నకి వినపడుతుందో లేదో చూడటానికే ఈ మంచం, ఈ వెలుగు, ఈ ఏర్పాటంతా.

ఇక ప్రతి సాయంత్రం మా వాకిట్లో నాటకమే. నేను నాయనమ్మ ఎదుట నిలబడి, పొట్టలోకి ఊపిరి తీసుకుని, అరవకుండా, మాటలు విడివిడిగా, “ఈ రోజు కూర ఏంది?” అనాలి. నాయనమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఆఁ?” అనాలి. పక్కనున్న నాన్న నా నోటి వైపే చూస్తూ, “కూర ఏంది అని అడుగుతున్నది అమ్మా,” అని ఆమెకి చెప్పాలి. చెబుతున్నాడు కూడా! మొదట్లో సగం తప్పు చెప్పేవాడు. నేను తొందరపడి మాట మింగేస్తే ఆయనకి తెలిసేది కాదు, అమ్మగారు మళ్లీ అనమనేవారు. ఆ తొందర తగ్గేకొద్దీ ఆయన తప్పులు కూడా తగ్గాయి. అది నాకు కనపడుతూనే ఉంది గానీ, పరీక్షలో నాన్న గట్టెక్కుతున్నాడని మాత్రమే సంతోషించాను.

అసలు ప్రమాదం నాయనమ్మ వల్లే వచ్చింది. ఒకరోజు అమ్మగారు మంచం వెనక నిలబడి మా అమ్మతో మామూలుగా అన్నారు. “పెద్దమ్మగారికి బెల్లం టీ పెడతారా, పంచదార టీయా?”

“బెల్లందే,” అంది నాయనమ్మ, అటు తిరగకుండానే.

నాయనమ్మకి చేసిన పని తెలిసి, చెయ్యి చెవి దగ్గరికి పోయి, “ఏందీ? ఏమన్నరు?” అని సందు చివరిదాకా వినపడేలా అరిచింది. అమ్మగారు ముందుకు వచ్చి నిలబడి, ఏమీ జరగనట్టు అదే ప్రశ్న నెమ్మదిగా మళ్లీ అడిగారు. ఆమె మొహంలో నవ్వు వెతికాను, కనపడలేదు. కనపడి ఉంటే బాగుండేది. ఆ రాత్రి నాయనమ్మ అన్నం సరిగ్గా తినలేదు.

రెండు రోజుల తర్వాత మేస్త్రి అమ్మగారి ఇంట్లోంచి బయటికి రావడం నా కళ్లతో నేనే చూశాను. మర్నాడు ఆయన రంపం దగ్గరికి వచ్చి మా నాన్న వెనక చాలాసేపు నిలబడ్డాడట. నాన్న ఆ సంగతి సాయంత్రం మామూలుగా చెప్పాడు. “అయిపాయె. పాట పాడబోయి నాయిన పని పోగొట్టినవ్,” అంది నాయనమ్మ. కోపంతో అన్న మాటే గానీ అది నాకు గుచ్చుకుంది. ఇక మందిరం వైపు వెళ్లకూడదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నా పాట నాన్నకి వినపడటం ముఖ్యమా, నాన్న పని ముఖ్యమా? ఆ వయసులో కూడా ఆ లెక్క తెలుసు నాకు. దుంగల గుట్ట వెనక కూర్చుని చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాను. అలా ఏడవడానికి కూడా ఆమె నేర్పిన ఊపిరే పనికొచ్చింది.

నేను వెళ్లకపోయేసరికి సాయంత్రాలు రావడం ఆపిన అమ్మగారు, కొన్నాళ్లు చూసి మళ్లీ తనే వచ్చారు. ఎందుకు రావడం లేదని అడగలేదు. గడప మీద కూర్చుని, “పెద్దమ్మగారి కోసం వచ్చాను,” అన్నారు. మాటల్లో మేస్త్రి ప్రస్తావన కూడా ఆమే తెచ్చారు. ఇసుకలో నా కాళ్లు దిగబడకుండా నిలబడటానికి ఒక చెక్క బల్ల కావాలని అడిగితే, ఆయన మంచి పలకలు ఏరడానికి రంపం దగ్గరే నిలబడి కోయించుకున్నాడట. ఈస్టరు పాట నాదేనని, ఇక పాడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. “గిదంత నమ్మొచ్చునా?” అన్నట్టు నాయనమ్మ నా వైపు చూసింది. నమ్మాలని ఉంది, ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రమే ఇంకోటి జరిగింది. అందరం వాకిట్లో ఉన్నాం. నేను చెంబు పట్టుకుని నాన్న ఎదుటికి వచ్చి, ఏ సాధనా అనుకోకుండా మామూలుగా, “నాన్నా, నీళ్లు కావాల్నా?” అన్నాను.

“వద్దు బిడ్డా,” అన్నాడు.

నాకు ఊహ తెలిశాక మా నాన్న ‘అవ్’ తప్ప ఇంకో జవాబు తనంతట తాను చెప్పగా వినలేదు. నాయనమ్మ పైట కొంగుతో కళ్లు ఒత్తుకుని, వెంటనే, “అందాజకు అన్నడేమో,” అని గొణిగింది. ఆమె కూడా నాలాగే, మంచి జరిగితే ముందు దాన్ని అనుమానించాలి.

ఈస్టరు వచ్చింది. ఇంకా మసకగా ఉండగానే తెల్లబట్టలు కట్టుకుని అందరం ఇసుకలోకి దిగాం. ప్రతి ఏడూ సంఘమంతా తూర్పు వైపు తిరిగి నిలబడేది, పాడే పిల్ల సూర్యుడికి వీపు పెట్టి నిలబడేది. అమ్మగారు బల్లను తీయించి అవతలి వైపు వేయించారు. అంటే సంఘమంతా పడమటికి తిరగాలి, పొద్దు నా మొహం మీద పడుతుంది. మేస్త్రికి అది నచ్చలేదు. “పొద్దు పొడుపుకు ఈపు వెట్టి ఈస్టరేంది అమ్మగారూ?” అన్నాడు. “ఈ ఒక్క పాటకే అండి, తర్వాత అందరం తిరుగుదాం,” అని ఆమె నెమ్మదిగా అన్నారు. నెమ్మదిగా అంటే ఎవరూ కాదనలేరు కాబోలు, ఆయన గొణుక్కుంటూనే బల్ల సరిచేశాడు.

నేను బల్ల ఎక్కాను. అలవాటు కొద్దీ ఆడవాళ్ల వైపు తిరిగి నాయనమ్మను వెతుక్కున్నాను. అన్నాళ్లూ ఆమెకి చెబుతున్నట్టే కదా నేర్చుకున్నాను. అమ్మగారు నా భుజాలు పట్టి మెల్లగా మగవాళ్ల వైపు తిప్పారు.

“మా నాయనమ్మ అటున్నది అమ్మగారూ,” అన్నాను.

“మీ నాయనమ్మగారికి నాకంటే బాగా వినపడుతుందమ్మా,” అన్నారు ఆమె, నాకొక్కదానికే వినపడేలా. “నువ్వు మీ నాన్నగారిని చూసి పాడు.”

ఎప్పటి నుంచి తెలుసు? బెల్లం టీ నాడా? అంతకుముందేనా? నేను అబద్ధం చెప్పిన రోజే తెలిసిపోయిందా? తెలిసి కూడా అన్ని సాయంత్రాలు మా అబద్ధాన్ని పెద్దమ్మగారూ పెద్దమ్మగారూ అని గౌరవంగా మోస్తూ, దాని పక్కనే మా నాన్నను కూర్చోబెట్టుకుని, మా ఇంటిల్లిపాదికీ ఆయనతో మాట్లాడటం నేర్పిందా ఈ మనిషి? మేస్త్రి పక్కనే ఇసుక దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయనకి చెప్పాలనుకుంటే ఆమెకి ఎన్ని రోజులు దొరకలేదు! నేను అన్నాళ్లూ ఎవరి మీద కన్నేసి ఉన్నానో ఆమే మమ్మల్ని కాపాడుతూ వచ్చింది. సిగ్గుతో, ప్రేమతో నాకు మొహమంతా వేడెక్కింది.

అందరూ ఎదురుచూస్తున్నారు. పొట్టలోకి ఊపిరి తీసుకున్నాను. గడ్డం ఎత్తలేదు. నాన్న వెనక వరసలోనే ఉన్నాడు, నా నోటి వైపే చూస్తున్నాడు. పాట మొదలుపెట్టాను. నా చెవికి నా గొంతు చాలా చిన్నగా అనిపించింది, ఇది ఎవరికీ అందదనిపించింది. అరిచెయ్యాలని గొంతు దాకా వచ్చింది. ఆపుకున్నాను. మాటలు ఒక్కొక్కటి చివరిదాకా పలుకుతూ మొదటి చరణం దాటాను. పల్లవి వచ్చింది. నాన్న ప్రతిసారీ పక్కవాళ్ల పెదాలు చూసి, ఒక మాట వెనకగా అందుకునేవాడు. ఆ రోజు పక్కకి చూడలేదు. అందరితో పాటే అందుకున్నాడు. అది చూసి నాకు ఊపిరి తడబడింది. రెండో చరణంలో ఒక మాట మధ్యలో తెగింది, మళ్లీ ఊపిరి తీసుకుని అతికించాను.

ఆరాధన అయ్యాక ఇసుకలో ఇంటి దారి పట్టాం. నాన్న నా పక్కకి వచ్చాడు. తల మీద చెయ్యి వెయ్యలేదు. ‘మంచిగ పాడినవ్’ అనలేదు. ఏదో ఆలోచిస్తున్నట్టు కొంత దూరం నడిచి, “రెండో చరణంల నడుమ ఊపిరి తెగింది ఏంది బిడ్డా? మాట ఇరిగిపాయె గద,” అన్నాడు.

నేను అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చేశాను. “పండుగ పూట పిల్లను ఏడిపిస్తవా?” అని అమ్మ నాన్న మీద కేకలేసింది. ఆయనేమో తను ఏమన్నాడో అర్థంకాక బిత్తరపోయి నిలబడ్డాడు. నేను ఆయన కాళ్లు పట్టుకుని ఏడుస్తూనే నవ్వుతున్నాను. తప్పు పట్టాడు! మా నాన్న నా పాటలో తప్పు పట్టాడు. ముందు వెళ్తున్న నాయనమ్మ వెనక్కి తిరిగి, “ఇరిగింది, నాక్కూడ వినపడ్డది,” అని అరిచింది. దాంతో ఆమె చెవుడు వదిలిపోయింది. సంఘంలో కొందరు అది ప్రార్థన వల్లే అని సాక్ష్యం చెప్పమని చాలా రోజులు వెంటపడ్డారు గానీ, ఆమె వాళ్లనూ అనుమానించి తప్పించుకుంది.

తర్వాత అమ్మగారు మా నాన్నతో ఎదురుగా కూర్చుని మాట్లాడారు. కేక వినపడని మనిషి రంపం వెనక నిలబడితే ఏమవుతుందో మేం ఎవరం అనడానికి సాహసించని మాట ఆమె అన్నారు. ఆ వారమే నాన్న తనంతట తాను వెళ్లి మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి ఆయన్ని రంపం దగ్గర నుంచి తీసేసి దుంగలు కొలిచే పనిలో పెట్టాడు. కూలి కొంత తగ్గింది. మా అమ్మ మాత్రం ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది. అమ్మగారు మూడు నాలుగేళ్లకి బదిలీ మీద వెళ్లిపోయారు. వెళ్లేముందు కూడా నాయనమ్మ చెవుడు సంగతి మళ్లీ మా ముందు ఎత్తలేదు.

నాకిప్పుడు మనవలున్నారు. పొద్దున లేచి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీస్తాను, పెదాలు ఆడిస్తాను, మా వీధి కుక్క ఒకటి అది విని మొరుగుతుంది. మా మందిరంలో పిల్లలకి పాటలు చెప్పేది నేనే. మనవడు తన ఫోన్‌లో నా పాట పెడితే కింద ఎవరెవరో చప్పట్లు, పూలు, సూపర్ అని పంపిస్తారు. వాళ్లు విన్నారన్న నమ్మకం నాకు లేదు. పిల్లలు పాడటం అయిపోగానే నా మొహం చూస్తారు, బాగుందనాలని. నేను అనను. ఎక్కడ ఊపిరి చాలలేదో, ఏ మాట మింగేశారో, ఏ మాట పువ్వులా విచ్చుకుందో చెబుతాను. అవ్వ నోట్లోంచి మంచి మాట రాదని ఇళ్లకి వెళ్లి వాళ్ల అమ్మలతో చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆ పిల్లలు పాడుతున్నంతసేపూ ఒక మనిషి నిజంగా వింటూ కూర్చుందని వాళ్లకి తెలియాలి.